ఏడీఎస్ సూట్‌తో లోతైన నీటిలో పని: ప్రణాళిక నుంచి సూట్ కడిగి ఆరబెట్టే దాకా సమగ్ర మార్గదర్శి

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతూ పోతుంది. 300 మీటర్ల దగ్గర నీరు తనలో ఉన్న ప్రతి వస్తువునూ నీటిపైన ఉండే గాలి కంటే ముప్పై రెట్లకు మించి ఒత్తుతుంది. మామూలు డైవర్ ఆ పీడనాన్ని తన శరీరంతోనే భరించాలి. అంతే పీడనంతో ఉన్న వాయువును పీల్చాలి, తిరిగి వచ్చేటప్పుడు రక్తంలోనూ కణజాలంలోనూ కరిగిన ఆ వాయువు మెల్లగా బయటికి పోయేదాకా ఆగాలి. వాతావరణ పీడన డైవింగ్ సూట్, అంటే ఏడీఎస్, ఈ భారాన్ని మనిషి నుంచి తీసి లోహం మీద పెడుతుంది. లోపల ఉన్నవారు నీటిపైన పీల్చే గాలినే, అదే పీడనంలో పీలుస్తారు. అందుకే వారిని ఈ రంగంలో డైవర్ అనకుండా పైలట్ అంటారు.

ఏడీఎస్ జట్టులో కొత్తగా చేరేవారినీ, సముద్రగర్భ పనులను ప్రణాళిక చేసే ఇంజనీర్లనూ దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇది తయారీదారు మాన్యువల్‌కూ, గుర్తింపు పొందిన శిక్షణకూ బదులు కాదు. సూట్‌ను బట్టి అంకెలు మారుతాయి, మారిన చోట మాన్యువల్ మాటే చెల్లుతుంది. అయితే ఏ సూట్‌కైనా వర్తించే విషయం ఒకటుంది. ఏడీఎస్ పని బాగా జరగడమూ చెడడమూ ఎక్కువ భాగం డెక్ మీదే నిర్ణయమవుతుంది. పైలట్ నీటిలోకి దిగిన తరువాత సరిదిద్దగలిగేది చాలా తక్కువ.

మొదటి దశ: పని ఏడీఎస్‌కు తగినదేనా అని తేల్చుకోవడం

మామూలు గాలినే పీలుస్తూ చేసే డైవింగ్‌కు సాధారణంగా 50 మీటర్ల దగ్గర గీత గీస్తారు. అంతకు మించిన లోతులో ఎక్కువ సేపు పని చేయాలంటే శాచురేషన్ పద్ధతి ఉంది. డైవర్లు ఓడ మీది పీడన గదిలోనే రోజుల తరబడి నివసిస్తూ, డైవింగ్ బెల్ అనే గంట ఆకారపు చిన్న గదిలో పనికి దిగి, మళ్లీ ఆ పీడన గదికే చేరుతారు. ఆ పద్ధతిలో చేతివేళ్లు స్వేచ్ఛగా ఉంటాయి, అదే దాని అసలు బలం. కానీ పని ముగిశాక సుమారు 30 మీటర్లకు ఒక రోజు, దానిపైన మరొక రోజు అన్న స్థూల లెక్కన పీడనం తగ్గించాలి. అంటే 300 మీటర్ల నుంచి ఇంటికి చేరడానికి పదకొండు రోజులు. ఏడీఎస్ పైలట్ అదే లోతు నుంచి క్రేన్ వేగంతో పైకి వచ్చి, మూత తీసిన వెంటనే నడిచి వెళ్లగలరు.

మనిషి లేని రిమోట్ వాహనం, అంటే ఆర్‌ఓవీ, మూడో మార్గం. పని ముందుగానే తెలిసినదై, కెమెరాతో చూసి చేయగలిగినదైతే దాన్ని కాదని మనిషిని దింపడం సమర్థనీయం కాదని నా అభిప్రాయం. చిక్కుపడిన శిథిలాల మధ్య దూరాన్ని కంటితో అంచనా వేయవలసినప్పుడు, వస్తువు ఎటు కదలబోతుందో చూసి అప్పటికప్పుడు నిర్ణయం మార్చుకోవలసినప్పుడు, కేబుల్ బిగుసుకున్న తీరును చేతితో తెలుసుకోవలసినప్పుడు ఏడీఎస్ తన విలువను చూపుతుంది. 1995లో సుపీరియర్ సరస్సులో సుమారు 160 మీటర్ల లోతున మునిగి ఉన్న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ గంటను కోసి పైకి తెచ్చినది న్యూట్‌సూట్ అనే ఏడీఎస్ వేసుకున్న పైలటే. వేళ్లతో సన్నని బోల్టులు పట్టుకొని తిప్పవలసిన పనికి మాత్రం ఏడీఎస్‌ను ఎంచుకోకండి.

రెండో దశ: కీలును అర్థం చేసుకోవడం

సూట్‌లోని మిగతా భాగాలన్నీ ఒక ఎత్తు, కీళ్లు ఒక ఎత్తు. లోతును తట్టుకొనే లోహపు డబ్బా చేయడం కష్టమే గానీ అసాధ్యం కాదు. ఆ డబ్బాకు వంగే చేతులూ కాళ్లూ పెట్టడానికే రెండు శతాబ్దాలు పట్టింది. 1715లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ లెత్‌బ్రిడ్జ్ చేసిన చెక్క పీపాలో శరీరం భద్రంగానే ఉండేది కానీ చేతులు రంధ్రాల గుండా నేరుగా నీటిలోకి వచ్చేవి. 1882లో మార్సే నగరానికి చెందిన కార్మాగ్నోల్ సోదరులు మనిషి ఆకారంలో, 22 కీళ్లతో, 380 కిలోల సూట్ నిర్మించారు. కీళ్లలోంచి నీరు రాకుండా ఆపడం వారి వల్ల కాలేదు.

ఆ సమస్య ఎందుకంత కఠినమైనదో లెక్కతో చూద్దాం. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కీలు అడ్డుకోత వైశాల్యం సుమారు 177 చదరపు సెంటీమీటర్లు. 300 మీటర్ల లోతులో ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీదా 30 కిలోలకు పైగా భారం ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క కీలులోని రెండు ముఖాలను నీరు ఐదు టన్నులకు మించిన బలంతో అదిమి పడుతుంది. అంత అదుముడు మీద కూడా మనిషి తన భుజబలంతోనే దాన్ని తిప్పగలగాలి. ఇది చాలదన్నట్టు మరొక చిక్కు ఉంది. వంచినప్పుడు కీలు లోపలి పరిమాణం ఒక్క లీటరు మారినా, ఆ లోతులో పైలట్ సుమారు 3,000 జౌళ్ల పని చేయాలి; అది 300 కిలోల బరువును ఒక మీటరు ఎత్తడంతో సమానం. అందుకే వంగినా తిరిగినా లోపలి పరిమాణం మారని కీలు మాత్రమే లోతులో పనికి వస్తుంది.

ఈ చిక్కును ఆచరణలో విప్పినవారిలో జోసెఫ్ పెరెస్ ముఖ్యుడు. కీలు ముఖాల మధ్య ద్రవాన్ని నింపి, భారాన్ని ఆ ద్రవం మోసేటట్టు చేసిన ఆయన ట్రిటోనియా సూట్‌ను 1935లో జిమ్ జారెట్ వేసుకొని లూసిటానియా ఓడ శిథిలం మీదికి, సుమారు 95 మీటర్ల లోతుకు దిగాడు. 1970ల ఆరంభంలో బ్రిటన్‌లో మెగ్నీషియం మిశ్రలోహంతో తయారైన జిమ్ సూట్‌కు పేరు అతని నుంచే వచ్చింది. 1976లో ఒక జిమ్ పైలట్ 276 మీటర్ల లోతులో 5 గంటల 59 నిమిషాలు పని చేశాడు. 1979లో సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ హవాయి తీరంలో 381 మీటర్ల లోతున అదే సూట్‌తో సముద్రపు నేల మీద నడిచింది. ఆ తరువాత కెనడాకు చెందిన ఫిల్ న్యూటెన్ తయారుచేసిన తిరిగే కీలు న్యూట్‌సూట్‌కూ, దాని వంశంలోని హార్డ్‌సూట్‌కూ ఆధారమైంది. 2006 ఆగస్టులో అమెరికా నౌకాదళ డైవర్ డేనియల్ జాక్సన్ హార్డ్‌సూట్ 2000లో 610 మీటర్లకు దిగాడు.

నేటి సూట్ చేతిని దగ్గరగా పరిశీలిస్తే అది నిజానికి ఎక్కడా వంగదని తెలుస్తుంది. ఏటవాలుగా కోసిన కొన్ని గుండ్రటి ఖండాలను వరుసగా అమర్చి, ప్రతి రెండింటి మధ్యా తిరిగే కీలు పెడతారు. ఒక ఖండం తిరిగితే తరువాతి ఖండం దిశ మారుతుంది, అలా మూడు నాలుగు కీళ్లు కలిసి తిరిగినప్పుడు మోచేయి వంగినట్టవుతుంది. అందువల్ల పైలట్ చేతిని నేరుగా ముందుకు తోయకూడదు, కొంచెం చుట్టు తిప్పుతూ చాపాలి. కొత్తవారు మొదట బలం ఉపయోగించి అలసిపోతారు. ఏ కీలు ముందు తిరగాలో, ఏది దాన్ని అనుసరించాలో చేతికి అలవాటయ్యేదాకా లోతులేని కొలనులోనే సాధన చేయించాలి. ఈ విషయంలో తొందర అసలు పనికిరాదు.

మూడో దశ: పనిని సూట్‌కు తగినట్టు మలచడం

చేయవలసిన పనిని ఒక్కొక్క కదలికగా విడగొట్టి కాగితం మీద పెట్టండి. సూట్ చేతి చివర వేళ్లుండవు, లోపలి పిడిని నొక్కితే మూసుకొనే లోహపు పట్టకారు ఉంటుంది. అది గుండ్రటి నున్నని పిడిని పట్టుకోలేదు; పట్టుకున్నా జారవిడుస్తుంది. కాబట్టి రెంచి, కోత పరికరం, కొక్కెం, షాకిల్ పిన్ను వంటి ప్రతిదానికీ పట్టకారు దవడకు సరిపోయే అడ్డకడ్డీని డెక్ మీదే వెల్డింగ్ చేయించి, జారిపోతే దొరికేటట్టు చిన్న తాడు కట్టాలి. పైలట్ చేతికి అందే పరిధి ఛాతీ ముందర ఒక పరిమిత వృత్తం మాత్రమే. తల పైకీ, వీపు వెనక్కీ చేతులు పోవు. పని చేసే చోటు ఆ వృత్తంలోకి వచ్చేటట్టు నిలబడడానికి ఏం కావాలో, దేన్ని పట్టుకొని స్థిరపడాలో కూడా ముందే నిర్ణయించాలి. ఒక చేత్తో నిర్మాణాన్ని పట్టుకొంటే పని చేయడానికి మిగిలేది రెండోది మాత్రమే.

వీలైతే అసలు కొలతలతో ఒక నమూనా చట్రాన్ని డెక్ మీద నిలబెట్టి, సూట్‌ను క్రేన్‌కు వేలాడదీసి, పైలట్ లోపల ఉండగా మొత్తం పనిని ఒకసారి చేయించండి. అడ్డకడ్డీ పొడవు రెండు సెంటీమీటర్లు తక్కువైందని అక్కడ తెలిస్తే గంటలో సరిచేయవచ్చు, 300 మీటర్ల దగ్గర తెలిస్తే ఆ రోజు పనే పోతుంది.

నాలుగో దశ: బరువు సర్దడం, దుస్తులు

పైలట్ శరీరం నీటిని తాకదు కాబట్టి అతని బరువంతా లెక్కలోకి వస్తుంది. 80 కిలోల పైలట్ స్థానంలో 65 కిలోల పైలట్ దిగితే ఆ 15 కిలోలను సీసంతో భర్తీ చేయాలి. నీటి సాంద్రతా మారుతుంది. 400 లీటర్ల నీటిని తొలగించే సూట్‌ను సముద్రం నుంచి మంచినీటి జలాశయానికి తీసుకువెళితే తేలే బలం సుమారు 10 కిలోలు తగ్గుతుంది. థ్రస్టర్లతో, అంటే సూట్‌ను నీటిలో కదిలించే చిన్న మోటారు పంకాలతో, ఈదే పనికి సూట్ కొద్దిగా మాత్రమే బరువుగా ఉండాలి. నేల మీద నిలబడి లాగే పనికి ఇంకొంచెం బరువు కావాలి. ఏ సందర్భంలోనైనా వదిలేయగల బరువులను వదిలాక సూట్ తప్పకుండా తేలాలి. దాన్ని అంకెల మీద నమ్మకుండా, ఓడరేవు నీటిలో సూట్‌ను ముంచి చూసి నిర్ధారించుకోవాలి.

లోతున నీరు చల్లగా ఉంటుంది, లోహపు కవచం లోపలి వేడిని ఇట్టే లాగేస్తుంది. పొడి ఉన్ని లోదుస్తులూ, మందమైన మేజోళ్లూ వేసుకోవాలి. ఆక్సిజన్ వాడే మూసిన చోటు కనుక నూనె, గ్రీజు మరకలున్న బట్టలతో ఎవరినీ లోపలికి అనుమతించకూడదు.

ఐదో దశ: గాలి లెక్క

ఈ దశ దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాను, ఎందుకంటే సూట్‌లో ఉన్నవారి ప్రాణానికి కీలు తరువాత ఆధారం ఇదే. సూట్ పైనుంచి గాలి తీసుకోదు. పైలట్ వాడుకున్న ఆక్సిజన్‌ను సిలిండర్ నుంచి కొద్దికొద్దిగా వదులుతారు. అతను విడిచిన కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్ నింపిన స్క్రబ్బర్ పీల్చుకుంటుంది. ఒక మోస్తరు పనిలో మనిషి నిమిషానికి 0.8 లీటర్ల ఆక్సిజన్ వాడుతాడనుకుంటే ఆరు గంటలకు 288 లీటర్లు కావాలి. దానికి తోడు, ఏదైనా చిక్కు వచ్చి కదలకుండా ఎదురు చూడవలసి వస్తే 48 గంటలకు నిమిషానికి 0.4 లీటర్ల చొప్పున 1,152 లీటర్లు. నిల్వలో ఎక్కువ భాగం ఎప్పటికీ వాడకూడదని కోరుకొనే ఆ రెండో లెక్క కోసమే. సోడా లైమ్‌నూ అదే కాలానికి లెక్కకట్టాలి. చలిలో దాని శక్తి తగ్గుతుందని గుర్తుంచుకొని మరికొంత కలపాలి.

ఇప్పుడు సూట్ లోపల ఖాళీ చోటు 150 లీటర్లు ఉందనుకొని, స్క్రబ్బర్ ఫ్యాన్ ఆగిపోయిందనుకుందాం. నిమిషానికి 0.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటే ఆరేడు నిమిషాల్లో అది 3 శాతానికి చేరుతుంది. పైలట్‌కు తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. అదే స్క్రబ్బర్ పనిచేస్తూ ఆక్సిజన్ సరఫరా ఆగితే, 21 శాతం ఉన్నది 16కు సమానమైన స్థాయికి దిగడానికి తొమ్మిది నిమిషాలకు పైగా పడుతుంది. అంటే రెండింటిలో ముందుగా ముంచుకొచ్చేది కార్బన్ డయాక్సైడే. కానీ ఆక్సిజన్ లేమి ఏ బాధా తెలియకుండానే స్పృహ తప్పిస్తుంది కాబట్టి రెండో ప్రమాదాన్ని చిన్నదిగా చూడలేం.

ఈ రెండింటినీ పట్టిచ్చే అతి సులభమైన సాధనం సూట్ లోపలి పీడన గేజ్. పైన చెప్పిన ఆక్సిజన్ లేమిలో వాడుకున్న వాయువు స్థానంలో మరేదీ రాదు గనుక లోపలి పీడనం సుమారు 50 మిల్లీబార్లు పడిపోతుంది. స్క్రబ్బర్ పనిచేయకుండా ఆక్సిజన్ మాత్రం వస్తూ ఉంటే పీడనం పెరుగుతుంది. ఒకటిన్నర లీటర్ల నీరు లోపలికి వచ్చినా సుమారు 10 మిల్లీబార్లు పెరుగుతుంది. లోపలి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే మూడు మిల్లీబార్లకు పైగా తేడా వస్తుంది, కాబట్టి థర్మామీటరును పక్కనే చదవాలి. లోపలి పీడనాన్ని బట్టి ఆక్సిజన్‌ను దానంతటదే వదిలే ఏర్పాటు ఉన్న సూట్‌లో మరొక మెలిక ఉంది: స్క్రబ్బర్ ఆగితే కార్బన్ డయాక్సైడ్ ఆ ఖాళీని నింపుతుంది, పీడనం పడదు, వాల్వ్ తెరుచుకోదు, గేజ్ మాత్రం అంతా బాగున్నట్టే చూపుతుంది. అందుకే ఏ ఒక్క అంకెనూ నమ్మకూడదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, పీడనం, ఉష్ణోగ్రత, సిలిండర్లో మిగిలినది అనే ఐదింటినీ పైలట్ నిర్ణీత వ్యవధిలో చదివి వినిపించాలి, పైన సూపర్‌వైజర్ రాసుకోవాలి. అంకె తరువాత అంకె ఎటు నడుస్తోందో చూసేవారికే ప్రమాదం ముందుగా కనిపిస్తుంది.

దిగే ముందు ఆక్సిజన్ కొలిచే సాధనాన్ని బయటి తాజా గాలిలో 20.9 శాతానికి సరిచూడాలి. స్క్రబ్బర్ ఫ్యాన్ ఆగితే పైలట్ తన ఊపిరితోనే గాలిని సోడా లైమ్ గుండా నడిపించే మాస్కు ఉంటుంది. దాన్ని చీకట్లో, ఒక చేత్తో, చూడకుండా పెట్టుకోగలగాలి.

ఆరో దశ: మూయడం, దించడం

సూట్ నడుము దగ్గర రెండుగా విడిపోతుంది. పైలట్ లోపలికి దిగాక పై భాగాన్ని దించి బిగిస్తారు. బిగించే ముందు సీలు కూర్చొనే గాడిని ఒకరు వేలితో తడిమి, మరొకరు టార్చి వెలుగులో చూడాలి. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు, ఉన్ని మేజోడు నుంచి ఊడిన ఒక పోగు చాలు. 300 మీటర్ల దగ్గర ఒక చదరపు మిల్లీమీటరు రంధ్రం నుంచి నిమిషానికి రెండున్నర లీటర్లకు పైగా నీరు దూసుకొస్తుంది. మూసిన తరువాత లోపలి గాలిని కొద్దిగా లాగి, పీడనం నిలకడగా ఉందో లేదో చూడడం మంచి పద్ధతి. తక్కువ పీడనం సీళ్లను సరిగా కూర్చోబెడుతుంది, కారితే అక్కడే బయటపడుతుంది. ఇది మాన్యువల్ అనుమతించిన మేరకే చేయాలి.

సూట్‌కు అత్యంత ప్రమాదకరమైన చోటు అడుగు కాదు, అలలు కొట్టే నీటి పైపొర. వేలాడుతున్న సూట్ ఓడ పక్కకు తగిలితే వ్యూపోర్టు (చూసే కిటికీ), థ్రస్టర్, కీలు ఏదైనా దెబ్బతినవచ్చు. కాబట్టి పంజరంలోనో, బిగుతుగా పట్టిన గైడు తాళ్లతోనో అలల పొరను త్వరగా దాటించి, కొద్ది మీటర్ల లోతులో ఆపాలి. అక్కడ పైలట్ పాదాల దగ్గరా, ప్రతి కీలు దగ్గరా తడి ఉందేమో చూసి, థ్రస్టర్లు, టెలిఫోన్, తాడు లేకుండా నీటి గుండా పనిచేసే అత్యవసర ధ్వని ఫోను పరీక్షిస్తారు. లోతులో గట్టిగా అదుముకొనే కొన్ని సీళ్లు తక్కువ లోతులోనే కారుతాయి, కాబట్టి ఈ విరామాన్ని ఎంత తొందరలోనూ దాటవేయకూడదు. సందేహం ఉంటే పైకి తీసుకురావడమే సరైన నిర్ణయం, దానికి పైలట్ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు.

ఏడో దశ: అడుగున పని

పైలట్ పాదాల కింది పెడళ్లతో థ్రస్టర్లను నడుపుతారు. సాధారణంగా ఒక పాదం పైకీ కిందికీ, రెండోది ముందుకూ వెనక్కూ పక్కకూ కదలడానికి. చేతులు పనికి మిగులుతాయి. ప్రవాహం ఉన్నప్పుడు కష్టం సూట్ వల్ల కంటే దాన్ని ఓడకు కలిపే కేబుల్ వల్లే ఎక్కువ. నీటి ఒరిపిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ప్రవాహం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. వందల మీటర్ల కేబుల్ మీద పడే ఆ లాగుడును చిన్న థ్రస్టర్లు ఎదుర్కోలేవు. బరువైన పంజరాన్ని పని చోటుకు దగ్గరగా దించి, అక్కడి నుంచి చిన్న కేబుల్ తోనే పైలట్‌ను పంపితే ఆ భారాన్ని పంజరం మోస్తుంది. కేబుల్ ఏ దారిలో లోపలికి వెళ్లిందో అదే దారిలో బయటికి రావాలి. పైలట్ ఏ గొట్టం కిందుగా, ఏ గొలుసు మీదుగా వెళ్లాడో చెబుతుంటే పైన ఒకరు బొమ్మ గీస్తూ ఉండాలి.

బురద నేల మీద థ్రస్టర్ ఒక్కసారి గట్టిగా తిప్పితే చాలాసేపు ఏమీ కనిపించదు. ప్రవాహానికి ఎదురుగా నిలబడి పని చేస్తే లేచిన బురద వెనక్కి కొట్టుకుపోతుంది.

ఎనిమిదో దశ: ఆపదలకు ముందే సమాధానం

మాట తెగిపోతే ఎన్ని నిమిషాలు ఆగాలి, లైటును ఎన్నిసార్లు వెలిగిస్తే ఏ అర్థం, కేబుల్ చిక్కుకుంటే ఎవరు దిగుతారు అన్నవి దిగడానికి ముందే రాసి, అందరూ వినేలా చదవాలి. రెండో సూట్, రెండో పైలట్ సిద్ధంగా లేకుండా మొదటివారిని దింపకూడదన్నది నేను రాజీపడని విషయం. ఆ లోతుకు మామూలు డైవర్ అప్పటికప్పుడు వెళ్లలేడు. ఆర్‌ఓవీ సాయపడగలదు గానీ ప్రతి చిక్కునూ విప్పలేదు. కరెంటు పోయినా గాలి సూట్‌లోనే ఉంటుంది గనుక పైలట్ మొదట చేయవలసినది కదలకుండా ఊపిరిని నిదానపరచుకోవడం, అంకెలు చదవడం. కేబుల్‌ను కోసి, బరువులు వదిలి పైకి తేలడం చివరి మార్గం. తల మీద అడ్డు ఏమీ లేదని నిర్ధారించుకొని, ఓడను పక్కకు జరిపించిన తరువాతే అది చేయాలి.

తొమ్మిదో దశ: పైకి వచ్చాక

మూత తీసే ముందు లోపలి పీడనాన్ని బయటితో సమానం చేయాలి. వాడిన సోడా లైమ్‌లో సగం శక్తి మిగిలిందని తోచినా పారవేయండి. ఎంత మిగిలిందో చూపుతో చెప్పలేం, రంగు మారే రకం కూడా కొంతసేపు ఉంచితే మళ్లీ తెల్లబడుతుంది. సూట్‌ను మంచినీటితో, ముఖ్యంగా కీళ్ల అంచుల్లో, పట్టకారు మడతల్లో నిదానంగా కడగాలి. ఉప్పు ఎండితే స్ఫటికాలై, తరువాతిసారి కీలు తిరిగినప్పుడు సీలును గీస్తాయి. ఆరిన తరువాత ప్రతి కీలునూ చేత్తో తిప్పి చూడండి: ఒక చోట బిగువు, ఒక చోట వదులు తగిలితే విప్పి చూడవలసిందే. విప్పిన కీలును పైలట్ లేకుండా పీడన గదిలోనో, ఖాళీ సూట్‌ను తాడుతో దించో పరీక్షించేదాకా మనిషిని ఎక్కించకూడదు. ఏ కీలు ఎప్పుడు విప్పారు, ఏ సీలు మార్చారు, ఎంత లోతులో ఎన్ని గంటలు పనిచేసింది అన్నవి కీలు సంఖ్యవారీగా పుస్తకంలో రాయాలి. సూట్ మొత్తానికి ఒకే పేజీ పెడితే, ఎడమ మోచేతి మూడో కీలు ఈ ఏడాదిలో రెండోసారి తడి చూపిందన్న సంగతి ఎవరి కంటా పడదు.